హీలోలో ముసురు పట్టినా సంత మానొద్దు: బిగ్ ఐలాండ్ రైతుల మార్కెట్లకి వెళ్ళేవాళ్ళ కోసం

హవాయికి టికెట్లు కొన్నాక చాలామంది చేసే మొదటి పని ఫోన్‌లో వెదర్ చూడటం. హీలో (హవాయి దీవుల్లో అన్నిటికన్నా పెద్దదైన బిగ్ ఐలాండ్‌లో తూర్పు తీరాన ఉన్న ఊరు) అని కొట్టగానే వారం పొడుగునా వాన బొమ్మే కనిపిస్తుంది, దాంతో టెన్షన్ మొదలు, హోటల్ మార్చాలా, దీవి మార్చాలా, అసలు వెళ్ళాలా అని. ఏదీ మార్చక్కర్లేదు. హీలోలో వాన పడటం మామూలే. ఎయిర్‌పోర్ట్ దగ్గర కొలిచే లెక్క ప్రకారమే ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లు దాటుతుంది (హైదరాబాద్‌లో పడేది ఎనిమిది వందల చిల్లర), ఊరికి పైనున్న కొండవాలులో ఇంకా ఎక్కువ. ఈశాన్యం నుంచి వీచే గాలులు సముద్రం మీది తేమనంతా మోసుకొచ్చి మౌనా కేయా, మౌనా లోవా కొండల్ని ఎక్కుతూ చల్లబడి ఇటువైపే కురిసేస్తాయి, కొండలకి అటుపక్కన కోనా, కొహాలా తీరం మాత్రం పొడిగా ఉండిపోతుంది. రిసార్టులన్నీ అటు, పండ్ల తోటల్లో ఎక్కువ భాగం ఇటు ఉండటానికి కారణం అదే.

కాబట్టి నేను చెప్పేది ఒకటే. బీచ్ కోసం ఎండ వచ్చేదాకా ఆగండి, సంత కోసం ఆగకండి. "వాన తగ్గాక వెళ్దాంలే" అని గదిలో కూర్చుంటే పదిన్నర అవుతుంది, వాన తగ్గదు, మంచి సరుకు మాత్రం అయిపోతుంది. వానలోనే వెళ్ళండి, పొద్దున్నే వెళ్ళండి, వంటగది ఉన్న బస తీసుకుని వెళ్ళండి. ఈ మూడూ కుదిరితే ట్రిప్ మొత్తంలో మీకు బాగా గుర్తుండేది ఈ సంతే అవుతుందని నా గట్టి నమ్మకం.

ఏ రోజు, ఎక్కడ

హీలో ఫార్మర్స్ మార్కెట్ ఊరి మధ్యలో, కమేహమేహా అవెన్యూ, మామో స్ట్రీట్ కలిసే మూల మీద ఉంటుంది. 1988లో నలుగురు రైతులు ట్రక్కుల వెనక సరుకు పెట్టి అమ్మడంతో మొదలైంది. ఇప్పుడు రోజూ ఎంతోకొంత ఉంటుంది గానీ అసలైన సంత రోజులు బుధవారం, శనివారం. ఆ రెండు రోజుల్లో రెండు వందల మంది దాకా అమ్మేవాళ్ళు వస్తారు, మిగతా రోజుల్లో వెళ్తే అందులో చిన్న ముక్క చూసి ఇంతేనా అనుకుని వచ్చేస్తారు. మీ ప్లాన్‌లో హీలోకి ఒక్క రోజే ఉంటే దాన్ని బుధవారమో శనివారమో చేసుకోండి, మిగతాదంతా దాని చుట్టూ సర్దుకోవచ్చు.

ఏడింటికల్లా అక్కడ ఉంటే మంచిది. హీలోలో వాన ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున కురుస్తుంది, పొద్దెక్కేకొద్దీ జల్లుల మధ్య కాస్త తెరిపి దొరుకుతుంది, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా అయితే ఆ తెరిపి కూడా గ్యారంటీ లేదు. కానీ ఏడింటికి సన్నగా పడుతున్నా ఇబ్బందేం లేదు, మార్కెట్లో ఎక్కువ భాగం పైన గుడారాలు ఉంటాయి. గుడారానికీ గుడారానికీ మధ్య అతుకుల దగ్గర నిలబడొద్దు, అంతే. పైన నిలిచిన నీళ్ళని అమ్మేవాళ్ళు కర్రతో ఒక్కసారిగా పైకి నెడతారు, అప్పుడు కిందున్నవాళ్ళు తలస్నానం చేసినట్టే.

మార్కెట్ ముందు రోడ్డు దాటితే సముద్రం దాకా పెద్ద ఖాళీ మైదానం కనిపిస్తుంది. ఊరి నడిబొడ్డున ఇంత జాగా ఎందుకు వదిలేశారా అనిపిస్తుంది. 1946లో, మళ్ళీ 1960లో వచ్చిన సునామీలు అక్కడున్న వీధులకి వీధుల్నే ఊడ్చేశాయి, ఆ తర్వాత అక్కడ మళ్ళీ ఇళ్ళు కట్టనివ్వలేదు. కాస్త నడిస్తే అదే రోడ్డు మీద సునామీ మ్యూజియం ఉంది. సంతలో ఉండగా కుండపోత మొదలైతే, అప్పటికి అది తెరిచి ఉంటే, గంటసేపు అందులో గడపండి, పిల్లలున్నా సరే, తప్పకుండా చూడాల్సిన చోటు.

ఆదివారం హీలోలో ఉంటే రెండు దారులు. ఒకటి వాల్కనో గ్రామంలో కూపర్ సెంటర్ దగ్గర జరిగే సంత. ఇది ఆరింటికి మొదలై పదింటికల్లా ముగుస్తుంది, ఎనిమిది దాటాక వెళ్తే బ్రెడ్లు, తినుబండారాలు ఖాళీ. ఊరు 3,500 అడుగుల పైన ఉంటుంది కాబట్టి చలి, ముసురు, పొగమంచు మూడూ కలిసి ఉంటాయి, స్వెట్టర్ పట్టుకెళ్ళండి. అది చూసుకుని పక్కనే ఉన్న అగ్నిపర్వతాల నేషనల్ పార్క్‌కి జనం రాకముందే వెళ్ళిపోవచ్చు. రెండోది పునా ప్రాంతంలో పహోవా వెళ్ళే హైవే మీద జరిగే మకూ మార్కెట్, ఇది కాస్త తీరిగ్గా మధ్యాహ్నం దాకా నడుస్తుంది. మొక్కలు, చేతిపనులు, పాటలు, తిండి అన్నీ ఉంటాయి, నేల మట్టిది కాబట్టి వాన రోజు బురద ఖాయం. బుధవారం సాయంత్రం పునాలోనే కలపానా అనే చోట ఒక రాత్రి సంత ఉంటుంది, అక్కడ కూరగాయల కన్నా తిండి, సంగీతం ఎక్కువ.

కోనా వైపు బస చేసినవాళ్ళు హీలో రావాలంటే సాడిల్ రోడ్ మీదుగా గంటన్నర నుంచి రెండు గంటలు. రోడ్డు బాగుంటుంది గానీ రెండు కొండల మధ్య ఎత్తులోంచి వెళ్తుంది, వాన రోజుల్లో పొగమంచు దిగితే ముందు కారు కూడా కనపడదు, చీకట్లోనే బయల్దేరి హడావిడిగా నడపొద్దు. అంత దూరం ఓపిక లేకపోతే కైలువా-కోనాలో అలీ డ్రైవ్ మీద బుధవారం నుంచి ఆదివారం దాకా సంత ఉంటుంది. నా మాట అడిగితే మాత్రం హీలోదే వెరైటీ.

ఏం వేసుకోవాలి, ఏం పట్టుకెళ్ళాలి

గొడుగు వద్దు. ఇరుకు సందుల్లో అందరి కళ్ళకీ అడ్డం, పైగా ఒక చెయ్యి పోతుంది. టోపీ ఉన్న పల్చటి రెయిన్ జాకెట్ చాలు. కాళ్ళకి రబ్బరు చెప్పులు, షూ తడిస్తే ఆ ఊరి తేమకి మర్నాటికి కూడా ఆరవు. గుడ్డ సంచులు రెండు, ఆకుకూరలకి వేరే ప్లాస్టిక్ కవర్ ఒకటి (ఇది ఎందుకో కింద చెప్తాను), ఫోన్‌కి జిప్ కవర్. కారు డిక్కీలో ఒక పాత టవల్ పరిచి పెట్టండి. అద్దె కారు సీట్ల మీద తడి సంచులు పెట్టి ఎండలో అద్దాలు మూసి వెళ్ళిపోతే సాయంత్రానికి కారంతా వాసన, చిన్న ఈగలు.

డబ్బులు చిల్లరగా ఉంచుకోండి, ఒకట్లు, ఐదులు. కొందరు ఫోన్ పేమెంట్లు తీసుకుంటారు గానీ వానలో సిగ్నల్, తడి వేళ్ళు, తడి స్క్రీన్, అదంతా తలనొప్పి. చాలా పండ్లు తూకం లెక్కన కాకుండా సంచి లెక్కన, కుప్ప లెక్కన ఉంటాయి, ధర అట్టముక్క మీద రాసి ఉంటుంది.

బేరం ఆడకండి. రైతుబజార్లోనూ వారపు సంతలోనూ పెరిగిన మనకి నోరు ఊరుకోదు, తెలుసు, కానీ అక్కడ ఆ పద్ధతి లేదు, ఆడితే మొహం మాడుతుంది. దానికి బదులు రెండు సంచులు తీసుకోండి, మాట కలపండి, "ఇది మీ తోటదేనా? ఎలా వండుతారు?" అని అడగండి. పెద్దవాళ్ళని ఆంటీ, అంకుల్ అనే పిలవండి, అక్కడ అందరూ అలాగే పిలుస్తారు. రెండు నిమిషాలు మాట్లాడితే చేతిలో ఒక పండు ఊరికే పెట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు. మూసేవేళకి వెళ్తే వాళ్ళే ధర తగ్గించి చెప్తారు, అప్పటికి ఏం మిగిలిందో అది తీసుకోవడమే.

"మీ తోటదేనా" అన్న ప్రశ్న మర్యాద కోసమే కాదు. హవాయి తినే తిండిలో చాలా భాగం ఓడల్లో బయటి నుంచి వచ్చేదే. అన్ని బల్లల మీదా ఉన్నది ఆ దీవిలో పండింది కాదు. యాపిల్, ద్రాక్ష, ఉల్లిపాయలు, వెల్లుల్లి ఒకే సైజులో తళతళలాడుతూ పేర్చి ఉంటే అది కొని తెచ్చి అమ్మే సరుకు, దాని కోసం మీరు హవాయి రానక్కర్లేదు. సైజులు తేడాగా, రెండు మూడు రకాలే పెట్టుకుని, పక్కన ట్రక్కు నిలిపి ఉన్నవాళ్ళ దగ్గర ఆగండి.

ఏం కొనాలి

ముందు బొప్పాయి. హవాయి బొప్పాయిలో ఎక్కువ భాగం హీలో పక్కనున్న పునాలోనే పండుతుంది. చిన్నగా, ఒక మనిషికి ఒక కాయ సైజులో ఉంటుంది, మధ్యకి కోసి గింజలు తీసి నిమ్మకాయ పిండుకుని చెంచాతో తినడమే. 1992లో పునాలో రింగ్‌స్పాట్ వైరస్ కనపడి తోటలు వరసగా పోయాయి, ఆ దీవిలోనే పుట్టిన డెన్నిస్ గొన్సాల్వెస్ అనే శాస్త్రవేత్త బృందం జన్యుమార్పిడితో వైరస్‌ని తట్టుకునే రకం తయారుచేసింది, 1998లో రైతుల చేతికి వచ్చింది. ఇప్పుడు మీరు చూసే పసుపు గుజ్జు రెయిన్‌బో రకం అదే. జన్యుమార్పిడి పంట తినడం ఇష్టం లేనివాళ్ళు ముందే అడిగి, ఎర్ర గుజ్జు సన్‌రైజో, పాత కపోహో రకమో దొరుకుతుందేమో చూసుకోండి. కాయ తొడిమకి అవతలి కొస నుంచి మూడో వంతు పసుపు తిరిగి ఉంటే రెండు రోజుల్లో పండుతుంది, పూర్తి పసుపై బొటనవేలికి కాస్త మెత్తగా తగిలితే ఆ పూటే తినేయాలి.

తర్వాత రాంబుటాన్. దీని సీజన్ ఇంచుమించు వానాకాలంతోనే కలుస్తుంది, సెప్టెంబర్ తర్వాత మొదలై చలికాలమంతా దొరుకుతుంది. ఎర్రటి కాయ, పైన వెంట్రుకల్లాంటి ముళ్ళు, గుచ్చుకోవు. ఆ వెంట్రుకల కొసలు పచ్చగా, వంచితే వంగేలా ఉంటే నిన్నో మొన్నో కోసినవి, నల్లబడి ఎండిపోయి ఉంటే వదిలేయండి. నడుం చుట్టూ గోటితో గాటు పెట్టి రెండు చేతుల్తో తిప్పితే పైచిప్ప టోపీలా ఊడొస్తుంది, లోపల తెల్లటి గుజ్జు, గింజ పారేయాలి. గుత్తులుగా ఉన్నవి కొంటే సంచిలో వేసే ముందు ఒకసారి గట్టిగా దులపండి, ఆ ప్రాంతంలో లిటిల్ ఫైర్ యాంట్ అనే బుల్లి చీమ పండ్ల చెట్ల మీద ఎక్కువ, కంటికి ఆనదు, కుడితే మాత్రం రోజుల తరబడి దురద, మంట. ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టేస్తే చెమట పట్టి మర్నాటికి బూజు, గుడ్డ సంచిలోనే ఉంచండి.

తెల్ల అనాస దొరికితే ధర ఎక్కువైనా ఒకటి తీసుకోండి. తొక్క పచ్చగానే ఉంటుంది, పచ్చిదేమో అనుకోకండి, అడుగున వాసన చూస్తే తెలిసిపోతుంది. పులుపు దాదాపు లేదు, మధ్యలో దుంగ కూడా మెత్తగా తినేయొచ్చు. అక్కడ యాపిల్ బనానా అని అమ్మేది పొట్టిగా ఉండి కాస్త పులుపు తగిలే అరటిపండు, తొక్క మీద నల్ల మచ్చలు వచ్చేదాకా ఆగి తింటేనే రుచి. లక్ష్మణఫలం మెత్తబడ్డాక తినండి, గింజలు నమలకుండా ఊసేయాలి, అవి మంచివి కావు. అంబాణపుకాయలు, అంటే స్టార్ ఫ్రూట్, కుప్పలుగా ఉంటాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కానీ కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకి అది నిజంగా ప్రమాదం. అమ్మానాన్నలని తీసుకెళ్తున్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, షుగర్ ఉండి కిడ్నీ పరీక్షల్లో కొంచెం తేడా ఉన్నా సరే ఆ పండు ముట్టనివ్వకండి. లిచీ, మామిడి వేసవిలో వెళ్ళినవాళ్ళకే.

ఇక కూరగాయల వరసలోకి వెళ్తే మనవాళ్ళకి పండగ. మునగాకు కట్టలు, మునక్కాయలు, కాకరకాయలు, పొడుగు అలసంద కాయలు, సన్న వంకాయలు, సొరకాయ, బీరకాయ, చేమదుంపలు, పచ్చి పసుపు కొమ్ములు, లేత అల్లం. ఇవన్నీ అక్కడికి ఎలా వచ్చాయంటే చెరకు తోటల వల్ల. 1906లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మొదటి పదిహేను మంది కూలీలని పంపింది హీలో పక్కనే ఉన్న ఓలా తోటకి. వాళ్ళ వెనక వేల మంది వచ్చారు, వాళ్ళకంటే ముందు జపాన్, చైనా, పోర్చుగల్ మనుషులు వచ్చి ఉన్నారు. ఎవరి ఇంటి పెరట్లో వాళ్ళ కూర. తొంభైల మధ్యకి ఈ దీవిలో చక్కెర మిల్లులన్నీ మూతపడ్డాయి, ఆ భూముల్లో కొన్ని చిన్న కమతాలయ్యాయి. అందుకే ఇవాళ ఆ బల్లల వెనక కూర్చునేవాళ్ళలో ఫిలిపినో పెద్దావిడలు అంతమంది. మునగాకుని వాళ్ళు మరుంగాయ్ అంటారు, చికెన్ పులుసులో వేస్తారు, మీరు పప్పులో వేస్తామని చెప్పండి, ఆవిడ ఎలా అని అడక్క మానదు.

సీమపనస కాయ కనిపిస్తే వదలొద్దు. గట్టిగా, తొక్క మీద అక్కడక్కడా పాలు కారి ఎండిన మరకలు ఉంటే వేపుడికి సరిగ్గా ఉంటుంది, మెత్తబడితే తియ్యగా మారిపోతుంది, కూరకి పనికిరాదు. ఊదారంగు చిలగడదుంప ఉడకబెట్టి తింటే గట్టిగా, పిండిగా, తక్కువ తీపితో ఉంటుంది, పిల్లలకి రంగు చూస్తేనే సరదా.

వానలో ఆకుకూరల విషయం జాగ్రత్త

ఈ ఒక్క భాగం మాత్రం దయచేసి దాటేయకుండా చదవండి. బిగ్ ఐలాండ్ తూర్పు వైపు, అంటే హీలో, పునా ప్రాంతంలో ర్యాట్ లంగ్‌వార్మ్ అనే పరాన్నజీవి ఉంది, హవాయిలో ఎక్కువ కేసులు వచ్చేది ఈ దీవి నుంచే. ఎలకల ఊపిరితిత్తుల్లో పెరిగే పురుగు ఇది. దాని పిల్లలు ఎలకల పెంట్లోంచి నత్తల్లోకి, పెంకు లేని నత్తల్లోకి చేరతాయి. తడి ఎక్కువైన రోజుల్లో ఆ నత్తలు ఆకుల మడతల్లోకి ఎక్కుతాయి, వాటిలో పిల్ల నత్త గోరంత కూడా ఉండదు. అది తెలియక పచ్చి ఆకుతో కలిపి కడుపులోకి పోతే పురుగు మెదడు పొరల దాకా వెళ్తుంది. తీవ్రమైన తలనొప్పి, మెడ పట్టేయడం, చర్మం మీద చిత్రమైన మంట, కొందరిలో నెలల తరబడి బాధ. రావడం అరుదే, కానీ వస్తే చిన్న జబ్బు కాదు.

భయపడి సంత మానేయక్కర్లేదు, పద్ధతి తెలిస్తే చాలు. ఆకుకూరలు వేరే కవర్లో వేయండి, పచ్చిగా తినే పండ్లతో కలపొద్దు. ఇంటికి రాగానే కట్ట విప్పి, ఆకు ఆకునీ విడదీసి, రెండు వైపులా చూస్తూ పారే నీళ్ళ కింద కడగాలి. గిన్నెలో ముంచి తీస్తే చాలదు. ఉప్పు నీళ్ళు, వెనిగర్, పసుపు నీళ్ళు వేస్తే చచ్చిపోతాయనుకోవద్దు, వాటిని నమ్మలేం. నమ్మదగింది వేడి: 165 ఫారెన్‌హీట్, అంటే 74 సెల్సియస్ దాటి కనీసం 15 సెకన్లు ఉడకాలి. మన పప్పులు, పులుసులు, వేపుళ్ళు అన్నీ ఈ లెక్కని సులువుగా దాటిపోతాయి, ఆ విషయంలో మన వంట మనకి పెట్టని కోట. మానేయాల్సింది పచ్చి సలాడ్లు, ఆకులు రుబ్బి ఇచ్చే గ్రీన్ స్మూతీలు, కొత్తిమీర పైన పచ్చిగా చల్లుకోవడం. తొక్క తీసి తినే పండ్లని పైన కడిగి తినండి, ఫరవాలేదు.

దీనికి తోడు ఇంకొకటి. పునాలోనూ వాల్కనో చుట్టుపక్కలా చాలా ఇళ్ళకి కుళాయి నీళ్ళు పైపుల్లో రావు, ఇంటి కప్పు మీద పడ్డ వాననీళ్ళు ట్యాంక్‌లోకి పట్టి వాడతారు. మీరు అద్దెకి తీసుకున్న ఇల్లు అలాంటిదేనా అని ఓనర్‌ని ముందే అడగండి. అయితే కూరలు చివరిసారి కడగడానికీ, తాగడానికీ మంచినీళ్ళు వేరే కొనుక్కోండి.

వండుకోవడం, అక్కడే తినడం

ఇంటి నుంచి బయల్దేరేప్పుడే ఒక చిన్న డబ్బాలో పోపు దినుసులు, కొంచెం ఇంగువ, చింతపండు, పావు కేజీ కందిపప్పు పెట్టుకోండి. హవాయి వాళ్ళ వ్యవసాయ డిక్లరేషన్ నింపడం తప్పనిసరి, తెచ్చినవి అందులో రాసేస్తే ఏ గొడవా ఉండదు, పచ్చి పండ్లు, మొక్కలు మాత్రం తీసుకెళ్ళొద్దు. పొద్దున సంతలో తెచ్చిన మునగాకుని అలా ఆకు ఆకూ కడిగి, పప్పు ఉడికాక అందులో వేసి, బయట ముసురు పడుతుండగా ఎండుమిర్చి, వెల్లుల్లి పోపు పెట్టుకుని వేడన్నంలో తింటే హోటల్ బిల్లు గురించి ఆలోచనే రాదు. చేమదుంపలు మాత్రం అక్కడివి మన చేమదుంపల కన్నా పెద్దవి, గట్టివి, మామూలు గిన్నెలో గంట పైనే పడుతుంది, సరిగ్గా ఉడక్కపోతే గొంతు దురద పెడుతుంది. కుక్కర్ ఉన్న బస అయితేనే కొనండి. చేమాకు కూడా అంతే, బాగా ఉడకాల్సిందే.

సంతలోనే ఏమైనా తిందామనుకునే శాకాహారులు రెండు విషయాలు చూసుకోండి. స్పామ్ ముసుబీ అనే అన్నం ముద్దలో పంది మాంసం, లావులావు అనే ఆకు పొట్లంలోనూ ఎక్కువగా అదే. అన్నం ఉండల మీద చల్లే ఫురికాకే పొడిలో చాలాసార్లు ఎండుచేప ఉంటుంది, చూస్తే నువ్వుల పొడి అనిపిస్తుంది, అడిగి తీసుకోండి. కొబ్బరిపాలతో చేసే హౌపియా, చేమదుంప కొబ్బరి కలిపి ఆవిరి మీద ఉడికించే కులోలో నిశ్చింతగా తినొచ్చు. కులోలో ముక్క చేతిలో జిగురుగా, బెల్లం రంగులో ఉంటుంది, దొరికితే ఎక్కువే కొనండి.

పదింటికల్లా సంత అయిపోతే, అప్పటికి సన్నగా ఎండ వస్తే, ఊరి పక్కనే ఉన్న రెయిన్‌బో ఫాల్స్‌కి వెళ్ళండి, రాత్రి వానకి జలపాతం నిండుగా ఉంటుంది, పొద్దుటి ఎండలోనే ఇంద్రధనుస్సు కనపడేది. చూసి రావడమే, వైలుకు నదిలో దిగొద్దు, పైన కొండల్లో పడ్డ వాన నిమిషాల్లో కిందికి వస్తుంది. పెద్ద వాన తర్వాత సముద్రం ఎర్రమట్టి రంగులో ఉంటే అందులోకి కూడా దిగకూడదు. ఫోన్‌కి ఫ్లాష్ ఫ్లడ్ వార్నింగ్ వస్తే సంత, జలపాతం అన్నీ పక్కన పెట్టి ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఉండండి, నీళ్ళు పారుతున్న రోడ్డు మీద కారు దింపే సాహసం ఎవరూ చేయొద్దు.

తిరుగు ప్రయాణానికి ఏం కొనొచ్చు

చివరి సంత రోజు చాలామంది సూట్‌కేస్ నిండా పండ్లు కొనేసి ఎయిర్‌పోర్ట్‌లో చెత్తబుట్ట పాలు చేస్తారు. హవాయి నుంచి అమెరికా ప్రధాన భూభాగానికి వెళ్ళే ప్రతి బ్యాగునీ వ్యవసాయ శాఖ వాళ్ళు స్కాన్ చేస్తారు. పండ్ల ఈగలు అటు వెళ్ళకూడదన్నది ఉద్దేశం. అనాస, కొబ్బరికాయ పోనిస్తారు, వేయించిన కాఫీ గింజలు, మెకడేమియా పప్పులు పోనిస్తారు. బొప్పాయి అయితే ట్రీట్‌మెంట్ అయి సీలు వేసిన పెట్టెలోదే. సంతలో కొన్న రాంబుటాన్, మామిడి, ఊదా చిలగడదుంప రానివ్వరు. మనవాళ్ళు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది కరివేపాకు. సంతలో లేతగా, ఘుమఘుమలాడుతూ కట్టలు కనిపిస్తే చేయి ఆగదు, అక్కడ వండుకోవడానికి కొనండి, బ్యాగులో పెట్టొద్దు. నిమ్మజాతి చెట్లని చంపే తెగులుని మోసే పురుగు కరివేపాకు మీద బతుకుతుంది. ఒక్క రెమ్మ దాచి తీసుకెళ్ళినా ఎవరి పెరట్లో నిమ్మచెట్టుకి అంటుతుందో తెలీదు.

పూలలో ఆంథూరియంలు కొనండి, హీలోవి పేరున్నవి, కోసిన పూలని తనిఖీ చేసి పోనిస్తారు, ఇంటికెళ్ళాక కూడా రెండు మూడు వారాలు వాడవు.  ఓహియా లెహువా చెట్టు పూలు, కొమ్మలు ఉన్న దండలైతే పక్క దీవికి కూడా తీసుకెళ్ళకూడదు, ఆ చెట్లకి పట్టిన తెగులు దీవి దాటకుండా ఆపడానికి ఆ రూల్ పెట్టారు. కొన్నవన్నీ ఒకే సంచిలో వేసి బ్యాగులో పైనే ఉంచుకోండి, తనిఖీ బల్ల దగ్గర అడగ్గానే తెరిచి చూపించొచ్చు, లైన్లో వెనకున్నవాళ్ళకీ ఇబ్బంది ఉండదు.